ఒకే చెరువు, ఒకే పొద్దు, మూడు లెక్కలు: పెలికాన్ల అంకె ఏది పెట్టాలి?

పెదకాకాని_పిట్ట
మొన్న ఆదివారం నీటిపక్షుల గణనకని గుంటూరు పక్క ఒక చెరువు మీద మూడు జట్లు లెక్కేశాయి. పెలికాన్ల దగ్గర ఒక జట్టు అంకె ఇంకో జట్టుకి దాదాపు రెట్టింపు వచ్చింది. మూడో జట్టుది మధ్యలో. అదే కట్ట, అదే పొద్దున. గ్రూపులో ఒకాయన మూడూ కలిపి సగటు తీసి ఈబర్డ్‌లో (పిట్టల లెక్కలు ఎక్కించే యాప్) ఎక్కిద్దాం అంటాడు. ఇంకొకాయన పెద్దదే పెడదాం, చెరువుకి పేరొచ్చిద్ది అంటాడు. అసలు గూళ్ల మీదున్న పిట్టల్ని ఎట్లా లెక్కెయ్యాలి? గూళ్లు లెక్కా, పిట్టలు లెక్కా? పిల్లల్ని కలపాలా? వచ్చే ఆదివారం మళ్లీ వెయ్యాలి, ఈలోపు ఎవరన్నా తేల్చండి.

ఏట్రింత
సగటు వద్దు. మూడు జట్లూ ఎన్నింటికి మొదలెట్టాయి? పిల్లల్ని ఎవరు కలిపారు? పైన ఎగిరేవాటిని ఎవరు కలిపారు? ముందు ఇవి చెప్పు.

పెదకాకాని_పిట్ట
ఒకళ్లు ఏడింటికి, ఒకళ్లు ఎనిమిదిన్నరకి, మూడోవాళ్లు టిఫిన్ చేసి తొమ్మిదిన్నరకి. పిల్లల్ని కలిపింది ఏడింటి జట్టే. ఎగిరేవాటి సంగతి ఎవరూ రాయలా.

బ్యారేజీ_గేటు
తక్కువ అంకె టిఫిన్ జట్టుదేనా?

పెదకాకాని_పిట్ట
అవును. ఎట్లా తెలిసింది?

బ్యారేజీ_గేటు
పెలికాన్లు కూడా టిఫిన్‌కి పోతాయి కాబట్టి.

నత్తగుల్ల_కొంగ
గేటుగారు జోక్‌గా అన్నా విషయం అదే. పెలికాన్ బరువైన పిట్ట. దూరం పోవాలంటే రెక్కలు కొట్టుకుంటూ పోదు. ఎండెక్కి, నేల వేడెక్కి, గాలి పైకి లేవడం మొదలయ్యాక ఆ గాలిలో గిరికీలు కొడుతూ ఎత్తుకి వెళ్లి, అక్కణ్ణుంచి జారుతూ మేతకి పోతుంది. జనవరిలో మన దగ్గర మంచు విడిచాక, ఇంచుమించు తొమ్మిది దాటితే ఆ లేవడం మొదలవుతుంది. జంటలో ఒకటి గూటి దగ్గర, రెండోది మేతలో. అంటే తొమ్మిదిన్నర జట్టుకి చాలా గూళ్ల దగ్గర జంటలో ఒకటే కనబడింది. ఏడింటి జట్టు పెద్దవాటితో పాటు పిల్లల్నీ కలిపింది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, వేరే వేరే వాటిని లెక్కపెట్టారు.

నీటికాకులూ తెల్లకొంగలూ ఎండ కోసం ఆగవు, వెలుతురు రావడంతోనే లేచిపోతాయి. వాటి అంకె కావాలంటే సాయంత్రం గూటికి చేరేటప్పుడు వెయ్యాల్సిందే. పొద్దున్న ఒక్క గంటలో అన్ని జాతులకీ సరైన అంకె ఎవరికీ రాదు.

గూళ్లున్న చెరువులో అసలు నమ్మదగ్గ లెక్క గూళ్లదే. పిట్ట పోతుంది, వస్తుంది, గూడు ఎక్కడికీ పోదు. ఏది గూడు కింద లెక్క, ఏది కాదు అన్నది జట్టంతా ముందే అనుకోవాలి. పెద్దపిట్ట ఒంగి కూర్చుని ఉన్నా, పిల్ల కనబడినా అది కాపురమున్న గూడు. పుల్లల మీద పిట్ట ఊరికే నిలబడి ఉంటే వేరే గడిలో రాయండి. ఖాళీ గూళ్లు ఇంకో గడిలో. ఈ మూడూ ఒక అంకెలో కలిపితే పై ఏడాది దాన్ని దేంతోనూ పోల్చలేరు.

కొత్తరెక్క
గూళ్లు వేసి రెండుతో గుణిస్తే పెద్దపిట్టల లెక్క వచ్చేస్తుంది కదండీ? మళ్లీ పిట్టల్ని విడిగా ఎందుకు?

నత్తగుల్ల_కొంగ
జంటల అంచనాకి ఆ గుణకారం పనికొస్తుంది, వ్యాఖ్యలో రాసుకోండి. కానీ ఈబర్డ్‌లో జాతి ఎదురుగా పెట్టే అంకె మీరు కళ్లతో చూసిన పిట్టలది. చూడని మొగుణ్ణి చూసినట్టు రాయకూడదు. పైగా ఆ ఏడాది గూడు కట్టని పెలికాన్లు కూడా అదే చెరువులో తిరుగుతుంటాయి, గుణకారంలో అవి రావు.

క్లిక్కర్_రావు
పని ఎట్లా చెయ్యాలో చెబుతా, ఆదివారం ఇట్లాగే చెయ్యండి.

గుంటూరు పక్క ఉప్పలపాడు లాంటి చెరువుల్లో గూళ్లు రెండు రకాల చోట ఉంటాయి, నీళ్లలో ఉన్న సర్కారు తుమ్మ మీద, మనుషులు పాతిన ఇనుప స్టాండ్ల మీద. ముందురోజు సాయంత్రం కట్ట మీద నుంచి తెల్లకాగితం మీద బొమ్మ గీయండి. స్టాండ్లకి ఎడమ నుంచి కుడికి ఒకటి రెండు మూడు, చెట్లకి క, గ, చ. నిలబడే చోటుకి గుర్తు పెట్టండి, కరెంటు స్తంభమో తూము రాయో. పై ఏడాది ఇంకొకళ్లు వచ్చినా అక్కడే నిలబడాలి. పది అడుగులు పక్కకి జరిగితే చెట్టు వెనక గూళ్లు కొన్ని దాక్కుంటాయి, కొన్ని బయటపడతాయి.

ఒకరు స్కోపులో (ట్రైపాడ్ మీద బిగించే దుర్భిణిలో) చూసి నోటితో చెబుతారు, ఒకరు రాస్తారు. చూసేవాడు కాగితం వైపు తలతిప్పకూడదు, తిప్పితే ఎక్కడున్నాడో మర్చిపోతాడు. ఒక విడతకి ఒక్క జాతే. ముందు పెలికాన్, చివరిదాకా పోయాక మళ్లీ మొదటి స్టాండు నుంచి ఎర్రకాళ్ల కొంగ, తర్వాత ఐబిస్. అన్నీ కలిపి ఒకే విడతలో వేస్తే మూడో చెట్టు దగ్గరే తికమక. తర్వాత మనుషులు మారి కుడి నుంచి ఎడమకి మళ్లీ వెయ్యండి. రెండు విడతల తేడా పదోవంతు కంటే ఎక్కువుంటే ఏ చెట్టు దగ్గర తేడా వచ్చిందో కాగితంలో తెలిసిపోతుంది, ఆ ఒక్క చెట్టే మళ్లీ వెయ్యండి.

స్కోపు అరవై దాకా జూమ్ అవుతుందని అరవైలో పెట్టొద్దు. నీటి మీద ఆవిరి వణుకుడు కూడా అరవై రెట్లు అవుతుంది. పాతిక ముప్పైలో ఉంచండి. పొద్దున పదిగంటలు దాటితే అసలు కట్టేయండి.

బెజవాడ_బైనాక్యులర్
క్లిక్కర్ వాడమని మాత్రం ఎక్కడా చెప్పలేదు, పేరేమో క్లిక్కర్ రావు.

క్లిక్కర్_రావు
గూళ్లకి అక్కర్లేదు గురూ. నొక్కిన కొద్దీ అంకె పెరిగే ఆ మిషను సాయంత్రం గూటికొచ్చే కొంగలకి. ఒక్కో జాతికి ఒక్కో క్లిక్కర్, మనిషికి రెండే. మూడోది ఉంటే ఇంకో మనిషి.

తెనాలి_లకుముకి
పిల్లల గురించి ఎవరూ చెప్పలేదు. కొత్తగా గుడ్డులోంచి వచ్చిన పెలికాన్ పిల్ల కట్ట మీద నుంచి కనపడదు. కాస్త పెద్దవైతే తెల్లటి నూగుతో కనబడతాయి, కానీ మేత తినేటప్పుడు తల మొత్తం అమ్మ ముక్కుసంచిలో పెట్టేస్తాయి, మూడు పిల్లలుంటే రెండే లెక్కకొస్తాయి. కాబట్టి పిల్లల అంకె ఎప్పుడూ 'కనీసం ఇన్ని' అనే. ఎగరబోయే వయసు పిల్ల ఒళ్లు తల్లంతే ఉంటుంది, దూరం నుంచి పెద్దపిట్ట అనుకుంటారు. పైముక్కు అంచున వరసగా చుక్కలున్నాయేమో చూడండి, పెద్దవాటికి స్పష్టంగా ఉంటాయి, పిల్లలకి ఉండవు. రెక్కలు కూడా పిల్లలవి గోధుమరంగు. ఎర్రకాళ్ల కొంగ పిల్లలు బూడిదరంగులో మాసినట్టుంటాయి, తోక దగ్గర గులాబీ ఉండదు.

గుడ్లు ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు. కనబడిన పిల్లల్ని కలపండి, కానీ వ్యాఖ్యలో 'పెద్దవి ఇన్ని, పిల్లలు ఇన్ని, గూళ్లు ఇన్ని' అని విడదీసి రాయండి.

పెదకాకాని_పిట్ట
ఇదంతా సరే. మరి మొన్నటి మూడు లెక్కలు పారేయాల్సిందేనా?

ఏట్రింత
ఎందుకు పారేస్తావ్? మూడూ మూడు విడి చెక్‌లిస్టులుగా, ఎవరి టైము వాళ్లది పెట్టి ఎక్కించండి. ఏడింటికి ఇన్ని, తొమ్మిదిన్నరకి ఇన్ని అన్నదీ సమాచారమే. గణనకిచ్చే చెరువు మొత్తం దగ్గర మాత్రం ఒక్కటే ఎంచుకోవాలి. అక్కడ ఏడింటి జట్టుది పెట్టి, పిల్లల్ని విడదీసి రాయండి. సగటు తీశావంటే ఆ అంకెకి టైమూ ఉండదు, చూసిన మనిషీ ఉండడు.

ఒకే జట్టులో ఐదుగురుంటే మాత్రం ఐదు లిస్టులు వద్దు. ఒకరు రాసి మిగతావాళ్లకి షేర్ చెయ్యాలి. ఐదుగురూ విడివిడిగా ఎక్కిస్తే అవే పిట్టలు ఐదుసార్లు పడతాయి.

కొత్తరెక్క
నేను ఎక్కిస్తే 'ఈ సంఖ్య ఎక్కువ' అని ఎర్రగా అడుగుతోంది. 'ఖాయం, చూశాం' అని రాసినా తర్వాత రివ్యూ చేసేవాళ్లు మళ్లీ మెయిల్ పెట్టారు.

ఏట్రింత
'ఖాయం' అంటే వాళ్లకేం తెలుస్తుంది? ఎట్లా లెక్కేశారో రాయండి. 'స్టాండ్ల వారీగా, స్కోపుతో, ఇద్దరం రెండు విడతలు' అని ఒక్క వాక్యం చాలు. ఒక ఫొటో పెడితే ఇంకా మంచిది. వాళ్లు మీ మీద అనుమానంతో అడగరు, ఆ జిల్లాకి ఆ నెలలో మామూలుగా పడే అంకె దాటితే యాప్ అందర్నీ అడుగుతుంది.

లెక్క వెయ్యడం బద్ధకమై అంకె బదులు ఎక్స్ గుర్తు పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. ఉజ్జాయింపు అంకె అయినా ఎక్స్ కంటే మేలు. రెండొందలా రెండు వేలా అన్నది ఎక్స్ చెప్పదు.

మినప_చేను
గూళ్ల సంగతి సరే, నీళ్ల మీద బాతుల గుంపుంటే? గార్గనీలూ పిన్‌టెయిల్‌లూ చెరువు మధ్యలో నల్లగా ఒకే పట్టీలా ఉంటాయి. ఒక్కోటీ వెయ్యడం కుదరదు.

నత్తగుల్ల_కొంగ
ముందు పదింటిని నిజంగా లెక్కపెట్టండి. ఆ పది కంటికి ఎంత చోటు పట్టాయో గుర్తుపెట్టుకుని, దాన్నే పక్కపక్కన పేర్చుకుంటూ వంద దాకా పొండి. ఇప్పుడు ఆ వంద మీ కొలత. గుంపు మధ్యలో ఒత్తుగా, అంచుల్లో పలచగా ఉంటుంది కాబట్టి మధ్యలో ఒక వంద, అంచులో ఒక వంద విడిగా చూసుకోవాలి. గుంపు పెద్దదయ్యేకొద్దీ మన కన్ను ఇంకా తక్కువ చేసి చూస్తుంది, పైగా పడుకున్న బాతులు ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. కట్ట ఎత్తుగా ఉన్న చోట నిలబడండి.

జాతుల వారీగా కావాలంటే మొత్తం అంచనా వేశాక స్కోపుని గుంపు మీద ఒక చివర నుంచి ఇంకో చివరకి నెమ్మదిగా జరుపుతూ వంద పిట్టలకి జాతి రాయండి. ఒక్క మూల వంద తీసుకోకూడదు, పిన్‌టెయిల్‌లు ఒక పక్కనే గుమిగూడతాయి.

బెజవాడ_బైనాక్యులర్
ఫోన్ పనోరమా తీసి ఇంటికెళ్లి చుక్కలు పెట్టుకుంటే అయిపోలా?

క్లిక్కర్_రావు
పనోరమా వద్దు. ఫోన్ తిప్పే లోపల పిట్ట కదిలితే అతుకు దగ్గర ఒకటి రెండవుతుంది, లేదా మాయమవుతుంది. మామూలు ఫొటోలే, పక్క ఫొటోతో మూడోవంతు కలిసేటట్టు తీసుకోండి. గట్టు మీది చెట్టో గడకర్రో రెండింటిలోనూ పడాలి. అప్పుడు ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

మునిగే పిట్టలకి ఫొటో కూడా నప్పదు. ఎప్పుడు చూసినా కొన్ని నీళ్ల కిందే ఉంటాయి. మూడు సార్లు వేసి పెద్ద అంకె తీసుకోండి, అక్కడ మాత్రం పెద్దదే సరైనది.

మినప_చేను
మా వైపు చెరువులో సగం గుర్రపుడెక్కే. బొల్లికోళ్లన్నీ దాన్లోనే.

నత్తగుల్ల_కొంగ
అప్పుడు అంకె కంటే 'ఎంత భాగం కనబడింది' అన్నది ముఖ్యం. నీటిపక్షుల గణనలో చెక్‌లిస్టుతో పాటు చెరువు వివరాల పత్రం విడిగా ఉండేది అందుకే. నీళ్లు ఎంతున్నాయి, డెక్క ఎంత కప్పింది, చెరువు మొత్తం చూశారా కొంతేనా, వలలు, చెత్త, మట్టి తవ్వకం, అన్నీ దాన్లోనే. చాలామంది పిట్టల లిస్టు ఎక్కించి ఇది వదిలేస్తారు. పై ఏడాది బొల్లికోళ్లు సగమైతే పిట్టలు తగ్గాయో డెక్క పెరిగిందో ఎవరు చెప్తారు? 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా అంతటా ఈ గణన జరుగుతోంది, పాత పత్రాల్లో ఈ గడులు ఖాళీగా ఉన్నచోట ఆ అంకెలతో ఏం చెయ్యాలో తెలీదు.

సీతానగరం_మెట్లు
చెరువు కంటే నది తలనొప్పి. కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ ఎగువన బెజవాడ జట్టు దుర్గాఘాటు వైపు నుంచి వేస్తుంది, గుంటూరు వైపు జట్టు సీతానగరం నుంచి వేస్తుంది. రెండూ చూసేది అవే నీటికాకుల్ని. రెండు జిల్లాల లెక్కల్లోనూ పడిపోతున్నాయి.

బ్యారేజీ_గేటు
నీళ్ల పంపకం అయింది, ఇప్పుడు నీటికాకుల పంపకం.

సీతానగరం_మెట్లు
నవ్వండి నవ్వండి. చెయ్యాల్సింది ఇదీ. రెండు జట్లూ ఒకే నిమిషానికి మొదలెట్టాలి. నది మధ్య గీత గూగుల్ మ్యాపులో ముందే అనుకోవాలి, భవానీ ద్వీపం ఏ జట్టుదో కూడా. మొదలెట్టిన నిమిషానికి ఏ సగంలో ఉంటే ఆ జట్టు పిట్ట. పెద్ద గుంపు దాటిపోతే టైము, దిక్కు రాసుకుని ఫోన్‌లో చెప్పుకోవాలి. అంతమంది లేకపోతే ఒక్క జట్టు ఒక్క ఒడ్డు నుంచే వెయ్యడం నయం. అట్లాగైతే సీతానగరం వైపే. జనవరి పొద్దున సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు. బెజవాడ ఒడ్డు నుంచి దక్షిణానికి చూస్తే ఎండ కంట్లో పడి పిట్టలన్నీ నల్లగానే కనబడతాయి. మా వైపు నుంచి ఉత్తరానికి చూస్తే వెలుతురు పిట్ట మీద పడుతుంది.

బెజవాడ_బైనాక్యులర్
చివరికి గుంటూరు వైపే మంచిదని తేల్చారు. సాయంత్రం?

సీతానగరం_మెట్లు
సాయంత్రం సూర్యుడు నైరుతిలో. అప్పుడూ మా వైపే.

బెజవాడ_బైనాక్యులర్
ఊరుకోండి సార్.

తెనాలి_లకుముకి
నదికి ఇంకో మాట. బ్యారేజీ దిగువన ఇసుక మేటల మీద తీతువులూ రివర్ టెర్న్‌లూ ఉంటాయి. గేట్లు ఎత్తితే మేటలు మునుగుతాయి, ఆ రోజు లిస్టులో అవి ఉండవు. గేట్లు తెరిచారా లేదా వ్యాఖ్యలో పెట్టండి. నడుస్తూ వేస్తే దూరం ఒకవైపుదే రాయాలి, వెనక్కొచ్చిన దారి కలపకూడదు. ముప్పై మీటర్లు దాటకుండా ఒకేచోట ఉంటే 'స్థిరం', దాటితే 'ప్రయాణం'. గంట దాటితే కొత్త లిస్టు మొదలెట్టండి. బ్యారేజీ నుంచి ఉండవల్లి దాకా అంతా ఒకే లిస్టులో పోస్తే ఏ పిట్ట ఎక్కడిదో తెలీదు.

కొత్తరెక్క
గుర్తుపట్టలేని నీటికాకుల్ని ఏం చెయ్యాలి? చిన్నదా ఇండియన్‌దా?

తెనాలి_లకుముకి
ముక్కు పొట్టిగా మొద్దుగా ఉంటే చిన్నది. సన్నగా పొడుగ్గా ఉండి, కన్ను నీలంపచ్చగా మెరిస్తే ఇండియన్. చీకట్లో గూటికొచ్చేటప్పుడు ఇవేవీ కనపడవు. 'నీటికాకి, జాతి తెలియదు' అని ఎంట్రీ ఉంది, దాన్లో పెట్టండి. అందరూ చిన్నదే అనుకుని చిన్నదాంట్లో పోసేస్తారు, ఇండియన్ కనబడకుండా పోతుంది.

బెజవాడ_బైనాక్యులర్
మెర్లిన్ యాప్ పెడితే అరుపుని బట్టి ఏ పిట్టో చెప్పేస్తుందిగా.

ఏట్రింత
చెప్పేది సూచన. నా పేరింటి పిట్ట ఏట్రింత షిక్రా డేగ అరుపు అచ్చంగా అరుస్తుంది, మెర్లిన్ షిక్రా అంటుంది, మీరు ఎక్కిస్తారు. చూసి గానీ, ఆ అరుపు మీకే తెలిసి గానీ పెట్టండి.

మినప_చేను
ఫిబ్రవరిలో నాలుగు రోజుల పెరటి పక్షుల గణన ఉందిగా, దానికీ ఇంత తతంగమా?

ఏట్రింత
లేదు. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట, చూసినవన్నీ రాయడం, అంతే. కాకిని వదిలేయడం, పావురాన్ని వదిలేయడం చెయ్యొద్దు. గుర్తుపట్టిన ప్రతిదీ రాశానని టిక్ పెడితేనే, రాయని పిట్ట మీకు కనబడలేదని అర్థమవుతుంది. పాలపిట్ట సంగతే చూడు. దేశవ్యాప్త లెక్కలతో 2023లో వచ్చిన నివేదిక 942 జాతుల్ని చూసి, పాలపిట్ట బాగా తగ్గిందని చెప్పగలిగింది పూర్తి లిస్టులు ఉండబట్టే. లేని చోట్లు తెలియాలంటే లేదు అని చెప్పే లిస్టులు కావాలి.

బ్యారేజీ_గేటు
దసరా రోజు ఊరంతా వెతికితే పంజరంలో పట్టుకొచ్చి పదిరూపాయలకి చూపించేవాడి దగ్గర దొరికిద్ది. అది లిస్టులో వెయ్యొచ్చా?

ఏట్రింత
పంజరంలోది లెక్కకి రాదు. 1972 వన్యప్రాణుల చట్టం కింద కేసుకొస్తుంది, ఫారెస్టు వాళ్లకి ఫోన్ చెయ్యి.

కొత్తరెక్క
మాలో ఒకబ్బాయికి డ్రోన్ ఉంది. పైనుంచి తీస్తే గూళ్లన్నీ ఒకేసారి వచ్చేస్తాయి, ఇంత కష్టం ఉండదు కదా?

నత్తగుల్ల_కొంగ
వద్దు. వద్దంటే వద్దు. గూళ్ల మీదికి డ్రోన్ రాగానే పెద్దవి ఒక్కసారిగా లేస్తాయి. అవి లేచిన మరుక్షణం కాకులు దిగుతాయి. గుడ్డు, నూగు రాని పిల్ల ఎండలో కొద్దిసేపే తట్టుకుంటాయి. గాభరాలో పిల్లలు కిందపడితే పెలికాన్ దిగి ఎత్తుకోదు, అంతే సంగతులు. చెట్ల కింది దాకా పడవలో పోవడం కూడా ఇంతే. పిట్టలు మెడలు నిక్కించి మీ వైపు చూస్తున్నాయంటే మీరు ఇప్పటికే దగ్గరైపోయారు, నాలుగడుగులు వెనక్కి వెయ్యండి.

మినప_చేను
లెక్కలు సరే, వీటివల్ల చెరువుకి ఒరిగేదేంటి? మా ఊళ్లో వేసవిలో చెరువు ఎండుతోంది, ఆ ఏడు గూళ్లన్నీ పాడు.

సీతానగరం_మెట్లు
గూళ్ల చెట్ల చుట్టూ నీళ్లుంటేనే కుక్కలూ పిల్లులూ రావు. పెలికాన్ పిల్ల ఎగరడానికి నెలలు పడుతుంది. ఆలస్యంగా పెట్టిన గూళ్లలో పిల్లలు మార్చి ఏప్రిల్ దాకా ఉంటాయి. డెల్టా కాలవలు కట్టేసేదీ అప్పుడే. అందుకని తేదీ ముఖ్యం. జనవరి, ఫిబ్రవరి, మార్చిల్లో నెలకొకసారి గూళ్ల లెక్క వేసి, 'ఇన్ని గూళ్లలో ఇంకా పిల్లలున్నాయి' అని కాగితం మీద పంచాయతీకీ ఇరిగేషన్ వాళ్లకీ ఇస్తే, కాలవ కట్టేముందు చెరువు నింపమని అడగడానికి ఆధారం ఉంటుంది. ఊరికి తాగునీటి చెరువైతే ఇంకా తేలిక, ఎట్లాగూ నింపుతారు, ఎంత మట్టం దాకా అన్నదే మాట.

చెట్లు కూడా. పిట్టల రెట్ట పడీపడీ సర్కారు తుమ్మ కొన్నేళ్లకి మోడైపోతుంది. మోడు విరిగాక స్టాండు పాతడం కంటే, ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడే మట్టిదిబ్బ పోసి నల్లతుమ్మ నాటితే మంచిది. ఏ చెట్టు మీద గూళ్లు తగ్గుతున్నాయో క్లిక్కర్ రావుగారి క, గ, చ కాగితాలు చెబుతాయి.

క్లిక్కర్_రావు
సంక్రాంతి పక్కనే ఉంది, మాంజా సంగతి కూడా చెప్పేసుకుందాం. చెట్టుకి వేలాడే పిట్టని దారం పట్టి లాగొద్దు, దారం కండలోకి దిగుతుంది. రెండు వైపులా కత్తిరించి, చుట్టుకున్నది అట్లాగే ఉంచి, తువాలు కప్పి చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో చీకట్లో ఉంచి పశువుల డాక్టరు దగ్గరికో ఫారెస్టు వాళ్లకో. నోట్లో నీళ్లు పొయ్యొద్దు, పాలు అసలే వద్దు. కొంగ అయితే ముందు తల పట్టుకోండి. దాని గురి ఎప్పుడూ మన కంటి మీదే, కళ్లజోడు పెట్టుకుని దగ్గరికెళ్లండి.

పెదకాకాని_పిట్ట
అందరికీ దండాలు. ఆదివారం ఆరున్నరకి కట్ట మీద. రెండే జట్లు, ఒకటి గూళ్లు, ఒకటి నీళ్ల మీదివి. సాయంత్రం నాలుగున్నరకి మళ్లీ నీటికాకులకి, చీకటి పడేదాకా. టిఫిన్ పార్సిల్ తెస్తా, ఎవరూ కదలొద్దు. స్కోపు ఎవరు తెస్తున్నారు?

క్లిక్కర్_రావు
నేను. ట్రైపాడ్ నీదగ్గరే ఉంది, పైన బిగించే ప్లేటు ఊడదీసి ఇంట్లో పెట్టి రాకు.

బ్యారేజీ_గేటు
పార్సిల్లో ఇడ్లీలు ఎన్నో కూడా ఇద్దరు రెండు విడతలు లెక్కెయ్యండి.